ఫోర్కులో ఏం పెట్టారో చీటీ మీద రాసివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ బెంగళూరు పేజీలో రోడ్ల గుంతల ఫోటోలు క్రమం తప్పకుండా వేస్తున్నారు. మంచి పని. ఆ గుంతల్లో పడి లేచే బండ్ల గురించి, అందులోనూ ముందు చక్రాన్ని పట్టుకుని దెబ్బను మింగే రెండు పైపుల ఫోర్కు గురించి ఎవరైనా తెలుగులో రాస్తారేమోనని చాలాకాలం చూశాను. ఎవరూ రాయకపోయేసరికి నేనే రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది. దయచేసి కొలతలు మాత్రం కత్తిరించకండి, అసలు విషయం వాటిలోనే ఉంది.

మాది హిందూపురం. ఇరవై ఏళ్ళుగా బెంగళూరు దాసరహళ్ళిలో ఉంటున్నాం. నేను పీణ్యలో ఒక మెషీన్ షాపులో ఇన్‌స్పెక్షన్‌లో పని చేస్తాను. లేతు మీద నుంచి వచ్చిన ప్రతి ముక్కనూ వెర్నియర్‌తోనో మైక్రోమీటర్‌తోనో కొలిచి, కార్డు మీద రాసి, సంతకం పెడితేనే అది గేటు దాటుతుంది. మా ఆయనకు 350 సీసీ క్రూజర్ ఉంది, అదే, కాళ్ళు ముందుకు చాపి కూర్చునే బండి. 2021లో కొన్నాం. నెలకు రెండుసార్లు దొడ్డబళ్ళాపురం, గౌరీబిదనూరు మీదుగా హిందూపురం వెళ్ళి మా అత్తగారిని చూసి వస్తాం. బండి కంపెనీ పేరు రాయడం లేదు, తప్పు బండిది కాదు కాబట్టి.

పోయిన ఏడాది బండి 46,000 కిలోమీటర్లు దాటింది. అప్పటికే ముందు బ్రేకు పట్టగానే ముక్కు కిందికి గుచ్చినట్టు దిగేది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు లోపల ఇనుముకు ఇనుము తగిలినట్టు ఠక్కుమనేది. బ్రేకు డిస్కు ఉన్న వైపు పైపు మీద సన్నటి నూనె గీత కూడా కనబడేది. మా ఆయన ఊళ్ళో పేరున్న ఒక గ్యారేజీకి తీసుకెళ్ళారు. "ముందు మెత్తగా ఉంది సార్, స్టిఫ్ చేసేద్దాం, క్రూజర్లకు మేం చేసే అప్‌గ్రేడ్ ఇదే" అన్నారట. సాయంత్రానికి బండి ఇచ్చి 4,200 రూపాయలు తీసుకున్నారు. బిల్లులో ఒకటే లైను: ఫ్రంట్ సస్పెన్షన్ అప్‌గ్రేడ్.

ఆ ఒక్క లైను చూసినప్పుడే నేను అడిగి ఉండాల్సింది. ఏ నూనె, ఎంత, స్ప్రింగు మార్చారా లేదా అని. అడగలేదు.

మొదటి మూడు రోజులు బాగానే అనిపించింది. బ్రేకు పడితే ముక్కు అంతగా దిగడం లేదు. తర్వాత మొదలయ్యాయి బాధలు. ఫ్లైఓవర్ మీద జాయింట్లు దాటినప్పుడల్లా హ్యాండిల్ అరచేతుల్లోకి గుద్దేది. తుమకూరు రోడ్డు మీద పీణ్య నుంచి ఇంటికి చేరేసరికి మా ఆయన వేళ్ళు తిమ్మిరెక్కేవి. రోడ్డు మీద వరసగా నాలుగైదు చిన్న గీతల్లాంటి బ్రేకర్లు వేస్తారు కదా, వాటి మీద మొదటిది దాటాక ముందుభాగం కిందే ఉండిపోయినట్టయ్యేది, మళ్ళీ పైకి వచ్చేలోపే రెండోది తగిలేది. మూడో వారంలో ఫోర్కు నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు పూర్తిగా పోయింది.

ఆ సంగతి మాకు తెలిసింది దొడ్డబళ్ళాపురం దాటి మాకళిదుర్గం దగ్గర. ముందు గడ్డి ట్రాక్టరు ఉన్నట్టుండి పక్కకు తిరిగింది. మా ఆయన ముందు బ్రేకు పట్టారు. కీచుమని శబ్దమే తప్ప బండి ఆగలేదు. వెనక బ్రేకుతో, రోడ్డు దిగి మట్టిలోకి పోయి ఆగాం, ఆగుతూ పక్కకు ఒరిగిపోయాం. ఆయన మోకాలు, నా మోచెయ్యి గీసుకుపోయాయి. అంతటితో పోయింది, అది మా అదృష్టం. లేచి చూస్తే ఫోర్కు నుంచి కారిన నూనె డిస్కు మీదంతా పరుచుకుని ఎండలో మెరుస్తోంది. ఆ మెరుపు నా కళ్ళ ముందు నుంచి ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత బండిని హెసరఘట్ట రోడ్డులో ఒక చిన్న షెడ్డుకు తీసుకెళ్ళాం. ఆ మెకానిక్‌ది చింతామణి దగ్గర పల్లె. మనలాగే తెలుగు మాట్లాడతాడు. బండి చూడగానే అతను అడిగిన మొదటి మాట ఇది: "అక్కా, వాళ్ళు లోపల ఏమేసినారో చీటీ ఏమన్నా ఇచ్చినారా?" బిల్లు చూపించాను. చదివి, మడిచి, నా చేతిలో పెట్టేసి "దీంతో ఏం తెలుస్తాదక్కా, విప్పి చూస్తేనే" అన్నాడు.

బండి కింద ఆనించి ముందు చక్రం గాలిలోకి లేపి, పైన రెండు పైపులనూ కలిపి పట్టే టీ బిగింపు కొంచెం వదులు చేసి, తర్వాత పైపు మూతలు తిప్పాడు. ఆ వరస ముఖ్యం, టీ బిగించి ఉండగా మూత తిప్పితే మర పాడవుతుంది. చివరి చుట్టు దగ్గర మూతను అరచేత్తో అదిమి పట్టుకున్నాడు, కింద స్ప్రింగు తోస్తుంటుంది కాబట్టి. మూత కింద 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపు ముక్క బయటపడింది, దాన్ని స్పేసర్ అంటారు, రంపంతో కోసిన అంచు వంకరగా ఉంది. రెండో వైపు 22 ఉంది. నూనె ట్రేలో పోస్తే తేనెలా మెల్లగా జారింది. ఆ గ్యారేజీ వాళ్ళకు ఫోను చేసి అడిగితే 20డబ్ల్యూ అని చెప్పారు, ఆ అంకె పెరిగేకొద్దీ నూనె చిక్కన. ఫోర్కు ఒక కాలిలో, అంటే ఒక వైపు పైపులో, నూనె ఎక్కువ, ఇంకో కాలిలో తక్కువ. ఎక్కువున్న వైపే సీలు పోయింది.

ఎందుకిలా అయిందో నాకు ఆ రోజు షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాక అర్థమైంది. మా పనిలో హైడ్రాలిక్స్ రోజూ చూసేదే, కానీ బండిలో ఉన్నదీ అదేనని ఎప్పుడూ ఆలోచించలేదు. మన క్రూజర్లలో చాలావాటికి ఉండే మామూలు టెలిస్కోపిక్ ఫోర్కు పాతకాలపు ఏర్పాటే. లోపల నూనెతో దెబ్బను అణిచే ఇలాంటి ఫోర్కును 1935లో బీఎమ్‌డబ్ల్యూ తన ఆర్12 బండితో తెచ్చింది. పైపు, కింద ఆ పైపు మీద జారే బాటమ్ అనే గొట్టం, మధ్యలో స్ప్రింగు, చిన్న చిన్న రంధ్రాలున్న ఒక రాడ్డు. చక్రం పైకి తన్నినప్పుడు నూనె ఆ రంధ్రాల్లోంచి దూరి వెళ్ళాలి. రంధ్రం సైజు మారదు. మెల్లగా కదిలితే నూనె హాయిగా వెళ్ళిపోతుంది, అందుకే బ్రేకు పట్టినప్పుడు ముక్కు దిగిపోతుంది. గుంత అంచు తగిలి ఒక్కసారిగా కదిలితే మాత్రం అదే రంధ్రం సన్నదైపోయినట్టవుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు సుమారు నాలుగు రెట్లవుతుంది. చిక్కటి నూనె పోస్తే మొదటి జబ్బు కొంచెం తగ్గి, రెండోది భరించలేనంత పెరుగుతుంది. మా ఆయన అరచేతుల్లో గుద్దింది అదే.

వరస బ్రేకర్ల మీద ముందుభాగం పైకి రాకపోవడానికీ ఆ చిక్కదనమే కారణం. స్ప్రింగు తిరిగి సాగాలంటే నూనె వెనక్కి వెళ్ళాలి, వెళ్ళే టైము లేదు. ఇక సీలు సంగతి. పైపులో నూనె పైన కొంత గాలి ఉంటుంది. ఫోర్కు దిగేకొద్దీ ఆ గాలి నలిగి అదీ ఒక స్ప్రింగులా పని చేస్తుంది. నూనె ఎక్కువ పోస్తే గాలికి చోటు తగ్గి, చివర్లో ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది. ఆ ఒత్తిడి ముందు ఆపాల్సింది రబ్బరు పెదవి ఒక్కటే.

మెకానిక్ ఒక మాట అన్నాడు. "నూనె దిగే వేగాన్ని పట్టుకుంటాదక్కా, దిగే లోతును పట్టుకునేది స్ప్రింగే." ఫోర్కు గురించి ఇంత చిన్నగా ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

మరి స్ప్రింగు సరిపోతోందో లేదో ఎలా తెలుస్తుంది? కొలిస్తే తెలుస్తుంది. దీనికి ఏ మెషీనూ అక్కర్లేదు. తెల్ల ప్లాస్టిక్ కేబుల్ టై ఒకటి, స్టీలు స్కేలు ఒకటి, సాయం పట్టడానికి ఒక మనిషి చాలు. మా బండి ఫోర్కు పైపు 41 మిల్లీమీటర్ల లావు, మొత్తం కదిలే దూరం 130 మిల్లీమీటర్లు. ఆ ప్లాస్టిక్ ముక్కలు తీసేసి, పాత స్ప్రింగులు మామూలుగా పెట్టి, పుస్తకంలో చెప్పిన నూనె పోశాక, టైని పైపుకు కట్టి సీలు అంచుకు జరిపాం. చక్రం గాలిలో ఉన్నప్పుడు ఒక కొలత. బండి నేల మీద దించి, మా ఆయన పూర్తి గేరుతో, హెల్మెట్‌తో సహా కూర్చున్నాక ఇంకో కొలత. తేడా 44. నేను కూడా వెనక కూర్చుని, ఊరికి తీసుకెళ్ళే సంచి కట్టాక 49. మెకానిక్కులు దీన్ని శాగ్ అంటారు. అంటే బండి కదలకముందే మనుషుల బరువుకు ఫోర్కు ఎంత కుంగిందన్న లెక్క.

రోడ్డు బండికి ముందు శాగ్ మొత్తం దూరంలో పావు నుంచి మూడో వంతు మధ్య ఉండాలి. మాకు 130లో 33 నుంచి 43 దాకా. ఇద్దరం ఎక్కితే 49 పోయింది. గట్టిగా బ్రేకు పడితే ఇంకో 50 పోతుందనుకోండి. మిగిలింది ముప్పై. అప్పుడే స్పీడ్ బ్రేకర్ వస్తే ఇనుముకు ఇనుము తగలక ఏమవుతుంది?

శాగ్ అసలు ఉండకూడదా అని మా ఆయన అడిగారు. ఉండాలి. చక్రం ఎత్తు ఎక్కడమే కాదు, గుంతలోకి దిగడం కూడా చెయ్యాలి. అలా దిగడానికి కాస్త సాగే చోటుండాలి. మొదటి గ్యారేజీ వాళ్ళు పెట్టిన పైపు ముక్కలు ఆ చోటునే తినేశాయి. ఆ ముక్క స్ప్రింగును ముందే కొంచెం నొక్కి పెడుతుంది, దాన్నే ప్రీలోడ్ అంటారు. దాంతో బండి ఎత్తుగా నిలబడుతుంది. స్ప్రింగు మాత్రం గట్టిపడదు. మిల్లీమీటరుకు ఎంత బరువు మోస్తుందో అంతే మోస్తుంది. ఎత్తుగా నిలబడిన బండిని చూసి గట్టిపడిందనుకోవడమే ఈ ఊళ్ళో జరిగే పెద్ద పొరపాటు.

పాత స్ప్రింగులు రెండూ మా షాపుకు తీసుకెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ స్ప్రింగు టెస్టర్ ఖాళీగా ఉంటుంది, సూపర్‌వైజర్‌ను అడిగి పెట్టాను. పది మిల్లీమీటర్లు నొక్కితే ఆరు కేజీలు. ఇంకో పది, ఇంకో ఆరు. అంటే మిల్లీమీటరుకు 0.60 కేజీ. రెండూ ఒకటే. పొడవు మాత్రం ఒకటి రెండోదానికన్నా 4 మిల్లీమీటర్లు తక్కువ. స్ప్రింగు ముసలిదైతే గట్టిదనం పెద్దగా పోదు, పొడవే పోతుంది. మా ఆయన 84 కేజీలు, నేను 66, సంచి పది. ఆ బరువుకు 0.75 స్ప్రింగులు సరిపోతాయని లెక్క తేలింది. పాకెట్ మీద స్ప్రింగు రేటు, అంటే మిల్లీమీటరుకు ఎన్ని కేజీలన్నది, అచ్చువేసే తయారీదారు దగ్గర తెప్పించుకున్నాం. అవీ టెస్టర్ మీద పెట్టాను. ఒకటి 0.75, ఇంకోటి 0.74. సంతకం పెట్టదగ్గ జతే.

బిగించే ముందు మెకానిక్ పైపులు రెండూ నా చేతికిచ్చి చూడమన్నాడు. మా షాపులో వీ-బ్లాకులనే గాడి దిమ్మల మీద పెట్టి, వంపును ముల్లుతో చూపే డయల్ గేజి ఆనించి తిప్పాను. ముల్లు 0.05 మిల్లీమీటరు దాటలేదు, వంపు లేదు. తర్వాత ఒక పాత షిఫాన్ చీర ముక్కతో పైపును పై నుంచి కింది దాకా తుడిచాను. డిస్కు వైపు పైపు మీద, సీలు ఆడే చోట, బట్ట దారం పుటుక్కున తగులుకుంది. కంటికి కనబడని తుప్పు చుక్క. గోరుకు కూడా తెలియలేదు, షిఫాన్‌కు తెలిసింది. వెయ్యి సీళ్ళు మార్చినా ఆ చుక్క ఒక్కొక్కటిగా కోసేసేది. 2000 నెంబరు గరుకు కాగితాన్ని నూనెలో తడిపి మెల్లగా రుద్ది నున్నగా చేశాడు. కొత్త సీలు ఎక్కించేటప్పుడు పైపు అంచు మీద పల్చటి పాలిథిన్ కప్పి, సీలు పెదవికి గ్రీజు రాసి జార్చాడు. స్క్రూడ్రైవరుతో కొట్టి ఎక్కించేవాళ్ళను నేను చూశాను. సీలు అక్కడే చచ్చిపోతుంది, ఆ సంగతి బయటికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది, అంతే.

నూనె దగ్గర అతని ఓపిక చూడాలి. స్ప్రింగు తీసి, పైపును పూర్తిగా కిందికి దించి, నూనె పోసి, పైపును పది పన్నెండు సార్లు మెల్లగా పైకీ కిందికీ ఆడించాడు. బుడగలు పోయేదాకా టీ తాగి వచ్చాడు. తర్వాత స్కేలు దించి, అంచు నుంచి నూనె దాకా దూరం కొలిచి, ఎక్కువైన దాన్ని సిరంజితో లాగేశాడు. రెండు కాళ్ళకూ ఒకే కొలత వచ్చేదాకా వదల్లేదు. నూనె చిక్కదనం మా బండి పుస్తకంలో చెప్పిన గ్రేడుకే దగ్గరగా ఉండేట్టు చూశాడు. ఇక్కడ పాఠకులు ఒకటి గమనించాలి. 10డబ్ల్యూ అన్న అంకె అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఒక కంపెనీ 10, ఇంకో కంపెనీ 10 కన్నా చాలా పల్చగా ఉండొచ్చు. డబ్బా వెనక 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ అని చిక్కదనాన్ని చెప్పే ఒక అంకె ఉంటుంది, పోల్చాల్సింది దాన్ని.

చక్రం ఎక్కించాక ఇరుసు నట్టు బిగించి, కింద ఇరుసును ఫోర్కు కాలికి పట్టించే పించ్ బోల్టు బిగించకముందు బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు కిందికి నొక్కించాడు. అప్పుడు రెండు కాళ్ళూ ఒకదానికొకటి సర్దుకుని నిలబడతాయి. ఆ పని మానేస్తే కాళ్ళు లోపలికో బయటికో లాగి పట్టుకుంటాయి, ఎంత ఖరీదైన స్ప్రింగు పెట్టినా కదలిక బిర్రుగానే ఉంటుంది. అర నిమిషం పని. హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు, కోన్‌సెట్ అంటారు, అది కూడా చూశాడు, కొంచెం వదులుంటే సరిచేశాడు. చాలామంది ఫోర్కు పోయిందనుకునే ఠక్కు శబ్దం కోన్‌సెట్‌దే అవుతుందట.

ఇప్పుడు శాగ్ ఒక్కరికి 36, ఇద్దరికి 40. స్ప్రింగులు, నూనె, సీళ్ళు, కూలీ అన్నీ కలిపి 9,400 అయింది. వెనక షాకబ్జర్ల ప్రీలోడ్ మెట్టు పెంచడానికి పైసా కూడా కాలేదు. నిజానికి అందరూ అది ముందు చెయ్యాలి. నేను వెనక ఎక్కితే బరువు చాలావరకు వెనక చక్రం మీదే పడుతుంది. వెనక కుంగితే ముందు ఫోర్కు ఇంకా వాలిపోతుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది. ఆ మెట్టు తిప్పే స్పానర్ బండితోపాటు వచ్చిన సంచిలోనే ఉంది. నాలుగేళ్ళు దాన్ని మేం తీయలేదు.

కొంతమంది ఎమ్యులేటర్ అనే చిన్న వాల్వు కూడా వేయిస్తారు. స్ప్రింగుకూ రాడ్డుకూ మధ్య కూర్చుంటుంది. మెల్లటి కదలికకు అడ్డంగా ఉండి, గుంత దెబ్బకు తెరుచుకుంటుంది. పద్ధతి మంచిదే, పైన చెప్పిన రెండు జబ్బులకూ ఒకేసారి మందు. కానీ దానికోసం రాడ్డు రంధ్రాలను డ్రిల్లుతో పెద్దవి చెయ్యాలి. ఒకసారి డ్రిల్లు వేస్తే వెనక్కి రాదు. స్ప్రింగు సరిచేశాక మాకు ఆ అవసరం కనబడలేదు, అందుకే వద్దన్నాను.

క్రూజర్ గురించే ఎందుకింత చెబుతున్నానంటే, ఆ బండి కూర్చునే తీరే వేరు. ఫోర్కు మిగతా బండ్లకన్నా వాలి ఉంటుంది కాబట్టి బరువు పైపు వెంట నిలువుగా దిగకుండా కొంత అడ్డంగా తోస్తుంది. పైపు జారే చోట ఉండే కడియం లాంటి బుష్ మీద రాపిడి ఎక్కువ. మనం కాళ్ళు ముందుకు చాపి కూర్చుంటాం. మామూలు బండి మీద గుంత కనబడితే ఫుట్‌రెస్టుల మీద కాస్త లేస్తాం, దెబ్బ మోకాళ్ళు తీసుకుంటాయి. క్రూజర్ మీద అలా లేవలేం. వచ్చిన దెబ్బ వచ్చినట్టు నడుముకు వెళ్తుంది. వెనక కూర్చున్న ఆడవాళ్ళకు గుంత ముందు కనబడదు కూడా. కొన్నేళ్ళుగా నాకున్న నడుము నొప్పికి సగం కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

మా అక్క కొడుకు సంగతి కూడా చెప్పాలి. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. వాడిదీ క్రూజరే. ఇంకో బండి నుంచి తీసిన బంగారు రంగు తలకిందుల ఫోర్కులు, యూఎస్‌డీ అంటారు, 35,000 పెట్టి వేయించాడు. తలకిందుల ఫోర్కు చెడ్డది కాదు. లావు పైపు పైన బిగిసి ఉంటుంది కాబట్టి వంగడం తక్కువ. దాని కోసమే తయారైన బండికి అది మంచి వస్తువు. వాడి బండి దాని కోసం తయారైంది కాదు. ఫోర్కు పొడవు తక్కువ, టీ వేరు. ముందుభాగం కిందికి దిగి, ఫోర్కు వాలు తగ్గి నిటారుగా అయి, చక్రాన్ని తిన్నగా నిలబెట్టే ట్రైల్ తగ్గిపోయింది. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఎనభై దాటితే హ్యాండిల్ దానంతటదే ఊగేది. ఏబీఎస్ సెన్సర్ సరిగ్గా కూర్చోక మీటరులో పసుపు దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. "పిన్నీ, లుక్ చూడు ఎట్లుందో" అని ఫోటో పంపాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే వెళ్ళి, మాకళిదుర్గం దగ్గర జరిగింది మొత్తం చెప్పి, పాతవి మళ్ళీ వేయించాను.

చట్టం కూడా అలాంటి మార్పుకు ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఫోర్కు పొడవు మారితే చక్రాల మధ్య దూరం మారుతుంది, అది ఆర్సీలో రాసి ఉండే అంకె. పైపు లోపలి స్ప్రింగు, నూనె ఆర్సీలో ఎక్కడా ఉండవు. ఈ తేడాను రవాణా శాఖ మామూలు మనిషికి అర్థమయ్యేలా ఒక్క పేజీలో చెబితే, బతుకు కోసం బండి బాగు చేసుకునేవాళ్ళు భయపడరు, లుక్ కోసం ప్రాణం పణంగా పెట్టేవాళ్ళు ఆగుతారు.

రోడ్ల మాట ఎత్తకుండా ఉండలేను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే స్పీడ్ బ్రేకర్‌కు కొలత ఇచ్చింది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో దాటేలా. మా వీధి చివర ఉన్నదాన్ని ఒక ఆదివారం పొద్దున టేపుతో కొలిచాను. వెడల్పు 70 సెంటీమీటర్లు, ఎత్తు 14. పైన తెల్ల గీత లేదు. అది బ్రేకర్ కాదు, గోడ. దాని మీద ఏ ఫోర్కూ ఏమీ చెయ్యలేదు. వార్డు ఆఫీసుకు కొలతలతో సహా అర్జీ ఇచ్చాను, రసీదు ఉంది.

ఇక నేను అసలు అడగదలుచుకున్నది. మా షాపులో పది రూపాయల బుష్‌కు కూడా కార్డు ఉంటుంది. ఎవరు కోశారు, ఎవరు కొలిచారు, ఎంత వచ్చింది, అన్నీ రాసి ఉంటాయి. ఇద్దరి ప్రాణాలు ఆనుకుని ఉన్న ఫోర్కును విప్పి బిగించి, "సస్పెన్షన్ అప్‌గ్రేడ్" అని ఒక్క లైను రాసి పంపడం ఏం న్యాయం? స్ప్రింగు రేటు ఎంత, నూనె ఏ కంపెనీది ఏ గ్రేడు, అంచు నుంచి నూనె ఎంత దూరం, స్పేసర్ పెడితే ఎన్ని మిల్లీమీటర్లు, ఒక్కరికి శాగ్ ఎంత, ఇద్దరికి ఎంత, పని చేసిన తేదీ, కిలోమీటర్లు. పోస్టుకార్డు సగంలో పట్టే విషయం. ఆ చీటీ ఉండి ఉంటే రెండో మెకానిక్‌కు ఒక రోజు పని తప్పేది. ఆ చీటీ రాయాల్సి వస్తుందని తెలిస్తే మొదటి గ్యారేజీ వాళ్ళు ఒక కాలిలో 20, ఇంకో కాలిలో 22 ముక్క పెట్టేవాళ్ళు కారు. రాయాలంటే కొలవాలి కదా.

మన జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఈ ఊళ్ళో వేలమంది బండ్ల మీద తిరుగుతున్నారు. శుక్రవారం రాత్రి యలహంక వైపు చూడండి, హెల్మెట్ల కింద సగం తెలుగే వినబడుతుంది. వాళ్ళు మీ పత్రిక చదువుతారు, వాళ్ళ అమ్మానాన్నలు తప్పకుండా చదువుతారు. గ్యారేజీలో బండి ఇచ్చేటప్పుడు "చీటీ రాసిస్తారా?" అని ఒక్క మాట అడగమని వాళ్ళకు చెప్పండి. రాసివ్వనంటే ఇంకో గ్యారేజీకి వెళ్ళమనండి. మా మెకానిక్ ఇప్పుడు షెడ్డుకు వచ్చిన ప్రతి ఫోర్కుకూ రాసిస్తున్నాడు. మొదటి పాతిక కార్డులు నేనే గీతలు కొట్టి ఇచ్చాను.

మా బండి కార్డు సీటు కింద ప్లాస్టిక్ కవరులో ఉంది. చివరి గడిలో తర్వాత నూనె మార్చాల్సిన కిలోమీటర్లు అతని చేతిరాతతో ఉన్నాయి. దాని జిరాక్సు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. చోటుంటే దాన్ని కూడా అచ్చువెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
దాసరహళ్ళి, బెంగళూరు.